ఆరు పూటల సిద్ధాంతం: ఒక ఖండన

బరువు తగ్గాలనుకునేవారు మూడు పూటల తిండిని ఆరు చిన్న పూటలుగా పంచుకొని తినాలన్న సలహా కొన్ని దశాబ్దాలుగా పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, జిమ్ముల్లోనూ, ఆహార పట్టికల్లోనూ స్థిరపడిపోయింది. రాయలసీమలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలోనూ ఇప్పుడు అదే మాట. దీనికి చెప్పే కారణాలు మూడు. రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి తింటుంటే జీవక్రియ వేగం పుంజుకుంటుందనేది మొదటిది. కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే శరీరం కరువొచ్చిందనుకొని కొవ్వును దాచిపెట్టుకుంటుందనేది రెండోది. మాటిమాటికీ తింటే ఆకలి అదుపులో ఉంటుందనేది మూడోది. మొదటి రెండూ తప్పని కొలిచి చూసినవాళ్లు తేల్చి చాలాకాలమైంది. మూడోది కొందరి విషయంలో నిజం కావచ్చు గానీ, అందరికీ చెప్పవలసిన సలహా మాత్రం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో దాదాపు 36 శాతం మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. ఇంతమందికి సంబంధించిన విషయంలో తప్పు సలహా చెలామణీ కావడం చిన్న సంగతి కాదు.

జీవక్రియ వాదం ఒక పోలిక మీద నిలబడింది. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ ఉంటే మంట ఆరకుండా మండుతుందట. శరీరం కూడా అంతేనట. ఈ పోలికకు ఆధారం లేకపోలేదు. తిన్నది అరిగించుకోవడానికి, రక్తంలోకి చేర్చుకోవడానికి, నిల్వ చేసుకోవడానికి శరీరానికి కొంత ఖర్చవుతుంది. మిశ్రమాహారంలో ఈ ఖర్చు తిన్న శక్తిలో సుమారు పదోవంతు. మాంసకృత్తుల్లో 20 నుంచి 30 శాతం, పిండిపదార్థాల్లో 5 నుంచి 10 శాతం, కొవ్వుల్లో 3 శాతానికి మించదు. అయితే ఈ ఖర్చు తిన్నదాన్ని బట్టి పెరుగుతుంది గానీ, ఎన్నిసార్లు తిన్నారన్నదాన్ని బట్టి కాదు. రోజుకు 1,800 కెలోరీలు తినే మనిషి మూడు పూటలుగా తింటే పూటకు 600. వాటిని అరిగించుకోవడానికి పూటకు 60 చొప్పున మొత్తం 180 ఖర్చు. ఆరు పూటలుగా తింటే పూటకు 300, ఖర్చు 30 చొప్పున మళ్లీ 180. పుల్లలన్నీ ఒకేసారి పెట్టినా, ఒక్కొక్కటిగా పెట్టినా మోపులో ఉన్న కట్టెలు అవే, వాటి నుంచి వచ్చే వేడీ అంతే. పోలిక చెప్పినవాళ్లు మంటను చూశారు, మోపును చూడలేదు.

ఇది కాగితం మీది లెక్కే కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1990ల తొలినాళ్లలో మనుషుల్ని మూసిన గదుల్లో ఉంచి, వాళ్లు పీల్చి వదిలే గాలిని కొలిచి, రోజంతా ఎంత శక్తి ఖర్చు చేశారో లెక్కకట్టారు. అదే తిండి ఒకసారి రెండు పూటలుగా, మరోసారి ఏడు పూటలుగా పెట్టారు. ఇరవైనాలుగు గంటల మొత్తం ఖర్చులో తేడా రాలేదు. 1997లో బెల్లీల్, మెక్‌డెవిట్, ప్రెంటిస్ అనే ముగ్గురు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో సమీక్ష రాశారు. పూటలు పెంచితే శక్తి ఖర్చు పెరుగుతుందనడానికి ఆధారం లేదని అందులో తేల్చారు. 2010లో కెనడాలోని అట్టావా పరిశోధకులు స్థూలకాయులు 16 మందికి ఎనిమిది వారాలు ఒకే మోతాదులో తిండి తగ్గించారు. కొందరికి మూడు భోజనాలు, మిగతావారికి మూడు భోజనాలతోపాటు మూడు చిరుతిళ్లు. బరువు సగటున 4.7 శాతం తగ్గింది. రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. సిద్ధాంతం నిజమైతే ఇలాంటి చోటనే బయటపడాలి. బయటపడలేదు.

మరి ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది? దీనికి పాత ఆధారాల్లో ప్రధానమైనది 1964లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రాగ్ నగరపు అధ్యయనం. పావెల్ ఫాబ్రీ బృందం అరవై దాటిన మగవాళ్లను పరిశీలించి, తక్కువసార్లు తినేవాళ్లలో అధిక బరువు ఎక్కువగా కనిపించిందని రాసింది. పరిశీలన అబద్ధం కాదు. దాని నుంచి లాగిన అర్థంలోనే చిక్కుంది. లావయినవాళ్లు లావయ్యామని తెలిసే పూటలు మానేస్తారు. అంటే పూటలు తగ్గడం లావుకు కారణం కాదు, లావే పూటలు తగ్గడానికి కారణం కావచ్చు. పైగా తిన్నదాన్ని తక్కువ చేసి చెప్పడం మానవ సహజం. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని మొరపెట్టుకున్నవాళ్లు నిజంగా తిన్నదానిలో సుమారు 47 శాతం చెప్పకుండా వదిలేశారని కొలతల్లో తేలింది. వాళ్లు అబద్ధాలాడేవాళ్లు కారు. చేతికి అందింది నోట్లో వేసుకున్నది లెక్కలోకి రాదు, అంతే. వదిలేసిన వాటిలో చిరుతిళ్లు ఉన్నప్పుడు, కాగితం మీద పూటలు తక్కువగానూ మనిషి లావుగానూ కనిపిస్తాడు.

యాభై ఏళ్ల తరువాత అదే ప్రాగ్ నగరం నుంచి జవాబు వచ్చింది. హానా కహ్లెయోవా బృందం టైప్ 2 మధుమేహం ఉన్న 54 మందికి రోజూ అవసరానికంటే 500 కెలోరీలు తగ్గించిన ఆహారమే ఇచ్చింది. పన్నెండు వారాలు ఆరు చిన్న పూటలుగా, మరో పన్నెండు వారాలు ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం అనే రెండే పూటలుగా. ప్రతి ఒక్కరూ రెండు పద్ధతులూ పాటించారు. 2014లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఆరు పూటల కాలంలో సగటున 2.3 కిలోలు, రెండు పూటల కాలంలో 3.7 కిలోలు తగ్గారు. ఇందులో రెండు పూటల గొప్పతనం ఎంత, రాత్రి తిండి మానడం వల్ల వచ్చిన ఫలితం ఎంత అన్నది ఈ ఒక్క ప్రయోగంతో విడదీయలేం. ఆరు పూటలకు బరువు తగ్గించే మహిమ ఉందన్న మాట మాత్రం దీని ముందు నిలవదు.

కరువు భయం వాదానికి జవాబు చెప్పడానికి రాయలసీమకంటే తగిన చోటు లేదు. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో జనం లక్షల్లో చనిపోయారు. 1877లో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే కూలివాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే దాదాపు 450 గ్రాములు చాలని కొలత పెట్టాడు. బియ్యం లెక్కన అది 1,600 కెలోరీలు. ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనుషుల్ని చంపే కొలత అని పోరాడాడు. కొన్ని నెలలకే ఆ కొలతను పెంచక తప్పలేదు. ఆ కూలీల ఒంట్లో కొవ్వు దాగలేదు. ఎముకలు బయటపడేదాకా కరిగిపోయింది. నిజమైన కరువులో శరీరం ఏం చేస్తుందో ఈ నేల కళ్లారా చూసింది. పదకొండింటికి బిస్కెట్లు తినకపోతే ఒళ్లు కొవ్వు దాచుకుంటుందని అదే నేల మీది మనుషులకు చెప్పడం తగని పని.

కొలతలూ ఇదే చెబుతున్నాయి. వియన్నాలో ఆరోగ్యవంతులైన 11 మందిని 84 గంటలు ఆహారం లేకుండా ఉంచి 2000లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి మూడు రోజుల్లో విశ్రాంతిలో అయ్యే శక్తి ఖర్చు తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఆహారం కోసం వెతుక్కోవలసిన ప్రాణికి ఆ తొలి రోజుల్లో చురుకుదనం కావాలి. వారాలు, నెలలు తిండి తగ్గితే జీవక్రియ నెమ్మదిస్తుందన్నది నిజమే. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల్ని 24 వారాలు అర్ధాకలితో ఉంచినప్పుడు వాళ్ల ఒంటి ఖర్చు బాగా పడిపోయింది. అయినా వాళ్లు బరువులో దాదాపు నాలుగోవంతు కోల్పోయారు. జీవక్రియ నెమ్మదించడం బరువు తగ్గే వేగాన్ని తగ్గిస్తుంది గానీ దాన్ని ఆపలేదు. ఆ నెమ్మదింపుకూ మొత్తం తిండి తగ్గడమే కారణం. రెండు భోజనాల మధ్య ఆరు గంటల ఖాళీ కాదు.

తిండి గురించి అందరూ నమ్మిన మాటను ప్రయోగం తలకిందులు చేయడం ఇది మొదటిసారి కాదు. మదనపల్లె పొలిమేరలోని ఆరోగ్యవరంలో 1915లో వెలసిన క్షయ శానిటోరియం కాలంలో, క్షయకు విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారమే చికిత్సని ప్రపంచమంతా నమ్మింది. రోగి బరువు పెరిగితే రోగం తగ్గుతోందని లెక్క. 1956లో మద్రాసులో మొదలైన ప్రయోగంలో, ఒకే మందులు వాడుతూ కొందరు శానిటోరియంలో మంచి తిండితో, కొందరు ఇంట్లో పేదతిండితో ఉన్నారు. శానిటోరియం రోగులు ఎక్కువ బరువు పెరిగారు. రోగం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. తిండి వృథా అని దీని అర్థం కాదు. మంచి ఉద్దేశంతో చెప్పిన సలహాను కూడా కొలిచి చూడాలి.

ఆరు పూటల సలహా ఊళ్లోకి దిగినప్పుడు ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. ప్రయోగశాలలో ఆరు పూటలంటే మూడు భోజనాల్లోంచి కోసి తీసిన భాగాలు. ఇళ్లలో అలా జరగదు. భోజనం ఉన్నంతా ఉంటుంది, నడుమ తిన్నది దానికి తోడవుతుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం ముందు పొద్దంతా కూర్చునే నేతగాడికి, అంగడిలో గల్లా ముందు కూర్చునే మనిషికి పదింటికీ నాలుగింటికీ అందేది టీ, బిస్కెట్లు, బొరుగులు, మిరపకాయ బజ్జీలు. రెండు చెంచాల చక్కెర 10 గ్రాములు, అంటేనే 40 కెలోరీలు, పాలు వేరు. నూనె గ్రాముకు 9 కెలోరీలు కాబట్టి బజ్జీ పీల్చుకున్న నూనె ఒక చెంచాడైతే అదే 45. ఆరోగ్యకరమైన చిరుతిండి అంటూ పట్టికల్లో రాసే వేరుశనగ సంగతీ చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల గింజల్లో 520 కెలోరీలు. అంటే 40 గ్రాముల గుప్పెట్లో 200 పైచిలుకు. మదనపల్లె మార్కెట్ యార్డుకు గంపలకొద్దీ దిగే టమాటాలో 200 కెలోరీలు కావాలంటే దాదాపు కిలో తినాలి. శెనక్కాయలు మంచివే, తినదగినవే. భోజనంలో భాగంగా ఊరిబిండిగా నూరుకుంటే ఒక లెక్క, భోజనాల నడుమ లెక్కలేకుండా ఒలుచుకుంటే ఇంకో లెక్క.

అంచనా తప్పే సంగతి ఒకటుంది. తిండిని తూచి తినేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు; అందరిదీ కంటి కొలతే. పూటకు 50 కెలోరీలు ఎక్కువ పడితే మూడు పూటలకు 150, ఆరు పూటలకు 300. తగ్గిద్దామనుకున్నదే రోజుకు 400 అయినప్పుడు ఆ 300 దాన్ని దాదాపు మింగేస్తుంది. ఆరుసార్లు తినేవాడు ఆరుసార్లు చేయి ఆపుకోవాలి. వడ్డించుకున్న ప్రతిసారీ ఆపుకోవడం కంటే వడ్డించుకునే సందర్భాలే తగ్గించుకోవడం చాలామందికి సులభం.

మూడో వాదం, ఆకలి గురించినది, ప్రత్యర్థుల వాదాల్లో బలమైనది. మధ్యాహ్నం ఒళ్లు తూలేంత ఆకలితో ఇల్లు చేరిన మనిషి రెండు ముద్దలకు బదులు మూడు తింటాడన్నది అనుభవంలో ఉన్నదే. అయితే 2013లో కొలరాడో పరిశోధకులు 15 మందికి ఒకే ఆహారాన్ని మూడు పూటలుగానూ ఆరు పూటలుగానూ ఇచ్చి చూస్తే కొవ్వు కరగడంలో తేడా లేదు, ఆరు పూటల రోజున ఆకలీ తినాలన్న కోరికా ఇంకా ఎక్కువయ్యాయి. ప్రతిసారీ కడుపు నిండకుండానే లేవడం ఆకలిని తీర్చదు, తట్టిలేపుతుంది. 2010లో హెదర్ లైడీ బృందం అధిక బరువున్న మగవాళ్ల మీద చేసిన పరిశోధనలో, మాంసకృత్తులు పెంచినప్పుడు నిండుదనం ఎక్కువసేపు నిలిచింది. పూటలు పెంచడం వల్ల పెద్దగా ఒరిగింది లేదు. ఆకలి సమస్యకు పరిష్కారం గడియారంలో లేదు, కంచంలో ఉంది.

ఆ కంచం సంగతి వివరంగా చూడాలి. ఈ ప్రాంతపు సంప్రదాయ భోజనం రాగి సంగటి. దాన్ని తింటే బరువు పెరగరన్న మాట కూడా సగమే నిజం. పోషకాహార సంస్థ లెక్కల్లో 100 గ్రాముల రాగుల్లో 321 కెలోరీలు, బియ్యంలో 356. తేడా అంత పెద్దది కాదు. మాంసకృత్తులు రెండింటిలోనూ 7, 8 గ్రాములే. రాగుల అసలు బలం 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియం. బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. ముద్దకు 80 గ్రాముల రాగిపిండి, 40 గ్రాముల బియ్యం పడ్డాయనుకుంటే ముద్ద ఒక్కటే 400 కెలోరీలు. పొలం దున్నేవాడికి రెండు ముద్దలు న్యాయమే. యార్డులో టమాటా గంపలు మోసే హమాలీకీ న్యాయమే. కుర్చీలో కూర్చునే మనిషికి ఒక ముద్ద తగ్గించి ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపుకోవడం ఏ ఆరు పూటల పట్టికకంటే మేలైన పని. ఉలవల్లో 100 గ్రాములకు 21 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి. ఒకప్పుడు పశువుల దాణా అని చిన్నచూపు చూసిన గింజ అది. చలికాలంలో వచ్చే అనపగింజలు, పితికిపప్పు, అలసందలు, కోడిగుడ్డు కూడా కంచంలో ఈ పని చేసేవే. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెబుతున్నాయి. ఇడ్లీ, దోసె, అన్నం, మళ్లీ అన్నం అనే వరుసలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఆరు పూటల సలహా వల్ల జరిగే అసలు నష్టం ఇదే: కంచంలో ఏముందని అడగవలసిన మనిషి గంటెంతయిందని అడుగుతాడు.

దీనికి ఎదురుగా ఇటీవల ఇంకో మాట లేచింది. ఒక్కపూట తినేవాడు యోగి, మూడు పూటలు తినేవాడు రోగి అన్న పాత సామెతను పట్టుకొని, పూటలు ఎంత తగ్గిస్తే బరువు అంత తగ్గుతుందంటున్నారు. ఆరు పూటల వాదం తప్పయితే ఇదీ ఆ తప్పే. చిత్తూరు సీమలో పెరటాసి నెల శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఆకులో పులిహోర, వడ, పాయసం పడతాయి. అది భక్తి, దానికి బరువుతో పని లేదు. అయినా పూట తగ్గినంత మాత్రాన తిండి తగ్గదని చూపడానికి ఆ ఆకు చాలు. రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం ఉండేవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే నెలకు సగటున సుమారు కిలో తగ్గి, తరువాతి కొద్ది వారాల్లో తిరిగి వచ్చింది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందికి ఏడాదిపాటు ఒకే మోతాదులో కెలోరీలు తగ్గించి, సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్లు 8 కిలోలు, వేళ పట్టింపు లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి చాలినంత పెద్దది కాదని పరిశోధకులే రాశారు. బరువు తగ్గించింది రెండు గుంపులకూ ఉమ్మడిగా ఉన్న తక్కువ తిండి.

అందువల్ల పూటల సంఖ్యను మనిషి పనిని బట్టి, ఇంటి వీలును బట్టి నిర్ణయించుకోవచ్చు. తెల్లవారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనికి పోయి రాత్రికి తిరిగి వచ్చే ఉద్యోగి ఆరు డబ్బాలు మోసుకుపోవలసిన అవసరం లేదు. ఒక డబ్బాలో ఉడికించిన ఉలవలో గుడ్లో కూరతో కలిపి సరిపడా పెట్టుకుంటే చాలు, బండి దిగాక స్టేషన్ ముందు బజ్జీల పొయ్యి దగ్గర ఆగవలసిన ఆకలి ఉండదు. రెండు పూటలతో హాయిగా ఉండేవారు రెండు, మూడు కావలసినవారు మూడు, నిజంగానే చిన్న పూటలతో తిండి తగ్గుతున్నట్లు నెలనెలా తూకంలో కనబడుతున్నవారు అయిదారు తినవచ్చు. పెద్ద భోజనాన్ని ఆలస్యం చేయకపోవడం మంచిదనడానికి కొంత ఆధారముంది. స్పెయిన్‌లో బరువు తగ్గే చికిత్సలో ఉన్న 420 మందిని గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రధాన భోజనం మధ్యాహ్నం మూడు తరువాత చేసేవాళ్లు తక్కువ తగ్గారు. అది కూడా వేళకు సంబంధించినదే, సంఖ్యకు కాదు.

కొందరికి చిన్న పూటలు వైద్య అవసరం. గర్భిణులు, పసిపిల్లలు, కడుపు శస్త్రచికిత్స జరిగినవారు, అన్నం సహించని రోగులు ఈ కోవలోకి వస్తారు. వీరికి ఆరు పూటలు చెప్పేది బరువు తగ్గడానికి కాదు. ఇన్సులిన్ గానీ, రక్తంలో చక్కెరను బాగా దించే సల్ఫోనైల్ యూరియా మాత్రలు గానీ వాడే మధుమేహ రోగుల విషయం వేరు. వారికి నడుమ చిరుతిండి చెప్పే అలవాటు మందు ప్రభావానికి చక్కెర మరీ పడిపోతుందన్న భయంతో వచ్చింది. ఆ భయం నిజమైనది. ప్రాగ్ ప్రయోగంలోని రోగులు కూడా వైద్యుల పర్యవేక్షణలోనే రెండు పూటలకు మారారు. ఈ మందులు వాడేవారు పూట మానేముందు వైద్యుడితో మందు మోతాదు సరిచేయించుకోవాలి. తిండి తగ్గించి మందు అంతే వేసుకుంటే చెమటలు, వణుకు, తల తిరగడంతో మొదలై స్పృహ తప్పేదాకా పోవచ్చు.